అప్పడమా, లడ్డూనా?

తెలుగులో ‘గుండ్రం’ అనే మాటతో ఒక చిక్కు ఉంది. అప్పడం గుండ్రంగా ఉంటుంది. లడ్డూ కూడా గుండ్రంగానే ఉంటుంది. గుడి వంటశాలలో ఆదివారం పూట రెండూ నా చేతుల మీదుగానే వెళ్తాయి కాబట్టి తేడా నాకు బాగా తెలుసు. ఒకటి ఆకులో పడుకుంటుంది, ఇంకొకటి దొర్లిపోతుంది. మాట మాత్రం రెండింటికీ ఒకటే. మీరు కూడా నాలాగా పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళయితే ఈ మాట దగ్గర ఒకసారి ఆగండి. మా కుటుంబంలో ఈమధ్య జరిగిన గొడవలో సగం ఈ మాట మీదే నడిచింది.

మా అక్క పెళ్ళయ్యాక క్రైస్తవురాలైంది. ఇక్కడ డర్బన్‌లో అది వింతేమీ కాదు. 1860 నుంచి చెరకు తోటల్లో పనికి ఓడల్లో వచ్చినవాళ్ళ వంశాలు మావి. 1931లో మొదలైన బెతెస్డా చర్చి ఉద్యమం వల్ల తెలుగు, తమిళ ఇళ్ళలో చాలామంది అటు వెళ్ళారు. ఒకే ఇంట్లో ఒకరు గుడికి, ఒకరు చర్చికి. దీపావళికి అక్కవాళ్ళు మా ఇంటికి వస్తారు, క్రిస్మస్‌కి మేము వాళ్ళింటికి వెళ్తాం. దేవుడి గురించి ఎవరూ మాట్లాడరు. బిర్యానీ గురించి మాట్లాడుకుంటాం. ఇన్నేళ్ళూ అలా బాగానే గడిచింది.

మా అక్క కొడుకు ఇంజనీరు. బైబిల్లో సైన్సు అంతా ముందే ఉందని చెప్పడం వాడికి ఇష్టం. యెషయా గ్రంథం 40వ అధ్యాయం 22వ వచనంలో భూమి గుండ్రంగా ఉందని రాసి ఉంది, చూడు మామయ్యా అని నాకే చాలాసార్లు చూపించాడు. వాడి కొడుక్కి పదిహేడేళ్ళు. వాడు ఫోన్లో వీడియోలు చూసి చూసి, భూమి బల్లపరుపుగా ఉందని తేల్చుకున్నాడు. (‘బల్లపరుపు’ మంచి మాట, రాసిపెట్టుకోండి. బల్ల పరిచినట్టు చదునుగా ఉండడం.) వాడికీ ఆధారం బైబిలే. భూమికి నాలుగు మూలలున్నాయి, స్తంభాలున్నాయి, పునాదులున్నాయి, అది కదలదు, అన్నీ వచనాల నంబర్లతో సహా చెప్తాడు. జాగ్రఫీ పరీక్షలో అబద్ధం రాయనని టీచరుకి చెప్పాడట. తండ్రి కేకలేశాడు. వాడన్నది ఇది: “బైబిల్లో ప్రతి మాటా నిజమని నాకు నేర్పింది నువ్వే కదా నాన్నా.” తరవాత వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. నాయనమ్మ గదిలోకి దుప్పటి తెచ్చుకుని అక్కడే పడుకున్నాడు.

అప్పుడు అక్క ఒక సంచీలో తన అత్తగారి తెలుగు బైబిల్ పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అట్ట ఊడిపోయి ఉంది. అక్కకి తెలుగు చదవడం రాదు. మేము ఇంగ్లీషు బడిలో చదువుకున్నాం. నేను మాత్రం యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను. ఆ ఇంట్లో తెలుగు బైబిల్ చదవగలిగినవాణ్ణి గుళ్ళో ప్రసాదం పంచే నేను ఒక్కణ్ణే. “తండ్రీ కొడుకులు ఇంగ్లీషులో కొట్టుకుంటున్నారు, ఇందులో ఏముందో నువ్వు చదివి చెప్పు తమ్ముడూ” అంది.

కాబట్టి చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తండ్రి చెప్పినదీ తప్పే, కొడుకు చెప్పినదీ తప్పే. కానీ కొడుకు తప్పు తండ్రి దగ్గరే మొదలైంది.

ముందు తండ్రి వచనం. ఇంగ్లీషులో అక్కడ ‘సర్కిల్’ అని ఉంది. తెలుగులో ‘భూమండలము’ అని ఉంది. మండలం అంటే వృత్తం, చక్రంలాంటిది. (ఆంధ్రలో, తెలంగాణలో కొన్ని ఊళ్ళని కలిపి కూడా మండలం అంటారు. అది గుండ్రంగా ఉండక్కర్లేదు.) మూలంలో ఉన్న హీబ్రూ మాట ‘హూగ్’. నాకు హీబ్రూ రాదు. కానీ ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూపించే స్ట్రాంగ్స్ కాంకార్డెన్స్ ఉంది, అది ఎవరైనా తిరగెయ్యచ్చు. హూగ్ అంటే గీసిన వృత్తం. సామెతల గ్రంథం 8వ అధ్యాయంలో సముద్రం ముఖం మీద దేవుడు గీసినదీ ఇదే. యెషయా 44లో బొమ్మ చెక్కే వడ్రంగి వాడే వృత్తలేఖిని, అంటే కంపాస్, దాని పేరూ ఇదే ధాతువు నుంచి వచ్చింది. బంతి కావాలంటే అదే యెషయా దగ్గర వేరే మాట ఉంది. 22వ అధ్యాయంలో ఒక అధికారిని బంతిలా విసిరేస్తానన్న చోట ‘దూర్’ అనే మాట వాడాడు. అంటే లడ్డూకి మాట తెలిసి కూడా 40వ అధ్యాయంలో ఆ మాట వెయ్యలేదు. అక్కడ ఉన్నది అప్పడం. లేదా కొండెక్కి చుట్టూ చూసినప్పుడు కనిపించే దిగంతం, అది కూడా చుట్టూ గీసినట్టే ఉంటుంది కదా. దేవుడు అంత ఎత్తున కూర్చున్నాడు, మనుషులు మిడతల్లా కనిపిస్తున్నారు అని చెప్పడమే ఆ వచనం పని.

తండ్రి ఇంకో వచనం కూడా చూపిస్తాడు. యోబు గ్రంథం 26వ అధ్యాయంలో దేవుడు భూమిని శూన్యం మీద వేలాడదీశాడని ఉంది. చదవగానే ఒళ్ళు జలదరించే మాట, ఒప్పుకుంటాను. కానీ నాలుగు వచనాలు దాటగానే అదే అధ్యాయంలో ఆకాశానికి స్తంభాలు ఉన్నాయి, అవి వణుకుతున్నాయి. 9వ అధ్యాయంలో భూమికే స్తంభాలు ఉన్నాయి. ఒకటి సైన్సు, ఇంకొకటి కవిత్వం అని ఎవరు విడదీస్తారు? మనకి ఏది ముందే తెలుసో దాన్ని సైన్సు అంటున్నాం, మిగతాది కవిత్వం అంటున్నాం.

ఇప్పుడు కొడుకు వచనాలు. ఇక్కడే నాకు తెలుగు చదవడం వల్ల ఆశ్చర్యం కలిగింది. వాడు మొట్టమొదట చెప్పేది భూమికి నాలుగు ‘కార్నర్లు’. యెషయా 11లో ఉంది, ప్రకటన గ్రంథం 7లో ఉంది. తెలుగు బైబిల్లో చూస్తే మూలలు లేవు! యెషయాలో ‘దిగంతములు’ అని ఉంది, ప్రకటనలో ‘దిక్కులు’ అని ఉంది. దిక్కులకి ఎవరూ మూలలు లెక్కపెట్టరు. నలుదిక్కులా వెతికాను అంటే చతురస్రంలో వెతికానని కాదు. యెషయాలోని హీబ్రూ మాట ‘కనాఫ్’, అంటే పక్షి రెక్క. బట్ట అంచుని కూడా అదే అంటారు. చీర చెంగులాగా అన్నమాట. భూమి చెంగులు! నాకైతే అది చాలా నచ్చింది. వాడికి చూపించాను. వాడు కాసేపు చూసి, “అంచు ఉందంటే అంచే కదా తాతా” అన్నాడు. తెలివైనవాడు.

కానీ నిజం చెప్పాలి. తెలుగు అనువాదం ఎప్పుడూ వాడి తండ్రి పక్షాన ఉండదు, వాడి పక్షానా ఉండదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో నీళ్ళని వేరు చేసిన ఆకాశానికి తెలుగులో ‘విశాలము’ అని ఉంది. విశాలం అంటే ఖాళీగా, వెడల్పుగా అనిపిస్తుంది. హీబ్రూలో ఉన్నది ‘రాకియా’. అది లోహాన్ని కొట్టి కొట్టి రేకులా సాగదీయడం అనే క్రియ నుంచి వచ్చింది. కంసాలి పని. కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో ఫర్మమెంట్ అన్నది కూడా గట్టిగా ఉండేదనే. యోబు 37లో ఆకాశం పోత పోసిన అద్దమంత గట్టిదని పోలిక కూడా ఉంది. తెలుగు చేసినవాళ్ళు ఆ గట్టితనాన్ని తీసేశారు. కాబట్టి పిల్లవాడు పూర్తిగా కల్పించి చెప్పడం లేదు. ఆ రాతలు రాసినవాళ్ళ కళ్ళ ముందున్న లోకం అదే. కింద నేల, చుట్టూ నీళ్ళు, పైన బోర్లించిన గిన్నెలాంటి ఆకాశం. అప్పటి బాబిలోన్‌లోనూ, ఈజిప్టులోనూ ఇంచుమించు అదే. దాన్ని ఒప్పుకోవడానికి మా మేనల్లుడికి భయం. ఒప్పుకుంటే బైబిల్ అబద్ధమైపోతుందేమో అని.

ఎందుకవుతుంది? పొద్దు పొడిచింది, పొద్దు వాలింది అని మనం రోజూ అంటాం. అలా అన్నవాణ్ణి అబద్ధాలకోరు అని ఎవరైనా అంటారా? యెహోషువ సూర్యుణ్ణి గిబియోను మీద ఆగమన్నాడు. అతను చూసిన చోటు నుంచి ఆగవలసింది సూర్యుడే. ఈ మాట మీదే గెలీలియోకి చిక్కొచ్చింది. 1615లో ఆయన క్రిస్టీనా రాణిగారికి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. బైబిల్ మామూలు జనానికి అర్థమయ్యే భాషలో మాట్లాడుతుంది, నక్షత్రశాస్త్రం నేర్పడం దాని పని కాదు అని అందులో వాదించాడు. అంతకు వెయ్యేళ్ళకి పైగా ముందే ఆగస్టీన్ కూడా ఇలాంటి హెచ్చరికే చేశాడు. ఆకాశం గురించి తెలిసిన పరాయివాడి ముందు క్రైస్తవుడు గ్రంథం పేరు చెప్పి తెలివితక్కువగా మాట్లాడితే, ఇంకే విషయంలో వాడి గ్రంథాన్ని నమ్ముతారు అని. ఆ పరాయివాళ్ళలో నేను ఒకణ్ణి. నాకు ఆ మాట నిజంగానే తగిలింది.

పూర్వం క్రైస్తవులంతా భూమి బల్లపరుపు అనుకున్నారు, కొలంబస్ వచ్చి కళ్ళు తెరిపించాడు అని మాకు బడిలో చెప్పారు. అదీ తప్పే. 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన కొలంబస్ జీవితచరిత్రతో ఆ కథ బాగా పాకింది. ఎనిమిదో శతాబ్దంలో బీడ్ అనే సన్యాసి భూమి బంతిలా ఉందనే రాశాడు. పదమూడో శతాబ్దం నుంచి యూరప్ విశ్వవిద్యాలయాల్లో సాక్రొబాస్కో రాసిన గోళశాస్త్ర పుస్తకమే పాఠం. బల్లపరుపు అన్నవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. అలెగ్జాండ్రియాలో ఆరో శతాబ్దపు కాస్మాస్ అనే వ్యాపారి ఒకడు. మన సముద్రాల వైపు తిరిగి, మలబారు మిరియాల గురించి, సింహళం గురించి రాసినవాడు. తరవాత సన్యాసి అయి, లోకం మోషే గుడారంలాగా పెట్టె ఆకారంలో ఉందని, ఉత్తరాన పెద్ద కొండ వెనక్కి సూర్యుడు వెళ్తే రాత్రి అవుతుందని పుస్తకం రాశాడు. ఉత్తరాన పెద్ద కొండ అనగానే మీకు ఏదో గుర్తొచ్చి ఉంటుంది. దాని దగ్గరికి వస్తాను.

మా డర్బన్‌కి కూడా ఈ చరిత్రలో చిన్న చోటుంది. ఒంటరిగా ఓడ నడుపుతూ భూమి చుట్టి వచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్ 1897లో ఇక్కడ ఆగాడు. ముగ్గురు బోయర్లు అతని దగ్గరికి వచ్చి, భూమి చదునుగా ఉందని నిరూపించడానికి సాయం అడిగారట. వాళ్ళని తన ప్రయాణపు మ్యాపు ముందు వదిలేసి అతను వెళ్ళిపోయాడు. ఆ మ్యాపు కాగితం మీద చదునుగానే ఉంది మరి! మర్నాడు వాళ్ళలో ఒకడు పెద్ద బైబిల్ పట్టుకుని వీధిలో పట్టుకున్నాడట. ఆ తరవాత ప్రిటోరియాలో ప్రెసిడెంట్ క్రూగర్ దగ్గరికి తీసుకెళ్ళి, ఈయన లోకం చుట్టూ తిరుగుతున్నాడు అని చెప్తే, చుట్టూ కాదు, లోకంలో అనండి అని క్రూగర్ సరిదిద్దాడు. 1900లో వచ్చిన తన పుస్తకంలో స్లోకమ్ ఇదంతా నవ్వుతూ రాశాడు. నేనూ నవ్వుకునేవాణ్ణి, మా ఇంట్లోనే ఒక బోయరు తయారయ్యే దాకా.

ఇప్పుడు మన సంగతి. గుడివాళ్ళు చాలామంది ఇంతవరకూ చదివి తలాడిస్తూ ఉంటారు. “మనకి ఆ బాధ లేదు, మన మాటే భూగోళం” అని. ఒక ఉపన్యాసకుడు మా హాల్లో అచ్చం ఇదే చెప్పాడు, వరాహస్వామి కోర మీద గుండ్రటి భూమి ఉన్న క్యాలెండర్ బొమ్మని తెర మీద చూపించి. నేను కూడా చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి భాగవతం ఐదో స్కంధం తీస్తే అక్కడ ఉన్నది భూగోళం కాదు, భూమండలం. యాభై కోట్ల యోజనాల వెడల్పు. నడుమ జంబూద్వీపం, లక్ష యోజనాలు, తామరాకులా గుండ్రంగా. ఆకు! మళ్ళీ అప్పడమే. దాని మధ్యలో మేరు పర్వతం.

గోళం అన్నవాళ్ళు వేరే. వాళ్ళు లెక్కలవాళ్ళు. 499లో ఆర్యభటుడు భూమి కదంబపువ్వు ముద్దలా అన్ని వైపులా ప్రాణులతో నిండి ఉందని చెప్పి, అడ్డంగా 1050 యోజనాలు అని కొలత ఇచ్చాడు. యాభై కోట్లు ఎక్కడ, వెయ్యిన్నీ యాభై ఎక్కడ? 1150లో భాస్కరాచార్యుడు ఇంకా సూటిగా అడిగాడు. భూమిని ఏదో మోస్తోంది అంటే దాన్ని ఏది మోస్తోంది, దాన్ని ఇంకేది మోస్తోంది, చివరికి ఏదో ఒకటి తన శక్తితోనే నిలబడాలంటే అది భూమే ఎందుకు కాకూడదు అని. మా గుళ్ళో పంచాంగం ఈ లెక్కలవాళ్ళ గోళం మీద నడుస్తుంది, పురాణ ప్రవచనం తామరాకు మీద నడుస్తుంది. రెండూ ఒకే కప్పు కింద, ఒకే మైకులో. దీనికి మనం గర్వపడచ్చు, ఎవర్నీ జైల్లో పెట్టలేదు కాబట్టి. కానీ భూగోళం అనే మాట చూపించి పురాణంలో సైన్సు ఉందనడం మా మేనల్లుడు మండలం చూపించి చేసిన పనే. వాడిది తప్పయితే నాదీ తప్పే.

మరి భూమి ఆకారం ఎలా తెలుస్తుంది? పుస్తకం మూసేసి ఆకాశం వైపు చూడాలి. పిల్లవాడికి చూపించడానికి నాకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం మన పెళ్ళి. మన తెలుగు పెళ్ళిలో వధూవరులకి అరుంధతినీ, ధ్రువ నక్షత్రాన్నీ చూపిస్తారు. డర్బన్‌లో ధ్రువ నక్షత్రం ఎప్పుడూ కనపడదు. ఏ రాత్రీ, ఏ నెలా. అది ఉత్తర ధ్రువం మీద ఉంటుంది. విశాఖపట్నంలో నిలబడితే ఉత్తరాన సుమారు 18 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, ఎందుకంటే ఆ ఊరు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. దక్షిణానికి వచ్చేకొద్దీ కిందికి దిగుతుంది. భూమధ్యరేఖ దగ్గర దిగంతాన్ని తాకుతుంది. మేము దానికి ఇంకా 30 డిగ్రీలు దక్షిణాన ఉన్నాం. అంటే ధ్రువుడు మా కాళ్ళ కింద నేలకి అవతల ఉన్నాడు. అరుంధతి కూడా ఇక్కడ ఉత్తరాన దిగంతం మీద 5 డిగ్రీలకి మించి లేవదు, ఇళ్ళ కప్పులు దాటదు. భూమి బల్లపరుపుగా ఉంటే పైన ఉన్న నక్షత్రం బల్ల మీద ఎక్కడ కూర్చున్నా కనపడాలి. ఓడల్లో వచ్చిన మా ముత్తాతల కాలం నుంచి మాకు అది కనపడలేదు.

ఒక రాత్రి వాణ్ణి గుడి వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాను. దక్షిణాన ఆ నాలుగు నక్షత్రాల శిలువ, సదరన్ క్రాస్, బాగా పైన ఉంది. ఉత్తరాన ఏమీ లేదు, వీధి దీపాలు తప్ప. వాడు ఫోన్లో అక్షాంశాలు చూసుకున్నాడు. దూరం ఎక్కువైతే చూపు ఆనదు, అందుకే కనపడట్లేదు అన్నాడు. మరి అంతకంటే మసకగా ఉన్న నక్షత్రాలు ఎలా కనపడుతున్నాయి అని అడిగాను. జవాబు చెప్పలేదు. నేనూ రెట్టించలేదు. పరీక్షలో ఏం రాస్తాడో నాకు తెలీదు. తండ్రితో మాత్రం మళ్ళీ మాట్లాడుతున్నాడు, అక్క చెప్పింది.

అక్క ఇప్పుడు మంగళవారాలు వస్తోంది. యోబు 38వ అధ్యాయం చదివించుకుంటుంది. భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అని దేవుడే యోబుని నిలదీసే చోటు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను, అక్క కళ్ళు మూసుకుని వింటుంది. ఆ పునాదులు నిజమా అని ఒక్కసారి కూడా అడగలేదు.

పిల్లవాడే అడిగాడు. గుడి నుంచి వెనక్కి వస్తుంటే కారులో, “తాతా, మరి మీ గుళ్ళో పెళ్ళికి అయ్యగారు ధ్రువ నక్షత్రం చూపిస్తారు కదా, వాళ్ళు ఏం చూస్తారు?” అన్నాడు. పోయిన శనివారం పెళ్ళిలో నేను తాంబూలం పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అయ్యగారు ఉత్తరం వైపు చెయ్యి చూపించారు. పిల్లా పిల్లవాడూ పార్కింగ్ గోడ పైకి చూసి, కనపడింది అన్నారు.